పొగకాలవ మీద కూరగిన్నెలు

1944 ఫిబ్రవరి 2, బుధవారం. నరసరావుపేట.
యుద్ధం పుణ్యమా అని బొగ్గు వ్యాగన్లు సగమయ్యాయి. వచ్చే నెల నుంచి నూనెమిల్లు వారానికి నాలుగు రోజులేనని ఓనరు రామబ్రహ్మం గారు చెప్పేశారు. వేరుశనగకాయలు ఒలిచే నలభై మంది ఆడకూలీలకు రెండు రోజుల కూలి పోయినట్టే. బాయిలర్ ఫిట్టరుని, నాకు ఒళ్లు మండిపోయింది. వేడిలో బోలెడంత పొగతో కలిసి చిమ్నీలోంచి ఆకాశానికి పోతోంది. దాన్ని అడిగేవాడు లేడు!

ఫిబ్రవరి 5.
రామబ్రహ్మం గారికి చెప్పాను. పొగ చిమ్నీకి పోయే ఇటుక కాలవలో పైపులు పరిచి, బాయిలర్ నీళ్లు వాటిలోంచి పంపితే ముందే కాగుతాయి, బొగ్గు మిగులుతుంది అని. కొత్త పైపులు కొననన్నారు. షెడ్డు వెనక తుప్పుపడుతున్న పాతవి చాలన్నాను. సరే కానీ, పందొమ్మిదో తేదీకల్లా ఫలితం కళ్లబడకపోతే పీకించేస్తానన్నారు.

ఫిబ్రవరి 13, ఆదివారం.
పైపులు బిగించాను. నా అంతటి ఫిట్టరు పల్నాడులో లేడు.

ఫిబ్రవరి 14.
మూడు జాయింట్లు కారాయి. నిన్నటి మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఫిబ్రవరి 16.
కారడం ఆగింది. బొగ్గు తక్కువ పడుతోందంటే ఆయన నమ్మరు. చూపించడానికి థర్మామీటరు లేదు. ఇంకా మూడు రోజులు.

ఫిబ్రవరి 17, మధ్యాహ్నం.
పొగకాలవ మీద ఇనుప రేకు ఉంది. ఆడవాళ్లు పొద్దున్నే కూరగిన్నెలు దాని మీద పెడతారు, అన్నం వేళకి పొగలు కక్కుతుంటాయి. ఇవాళ కూలీల పెద్ద పిచ్చమ్మత్త గిన్నె పట్టుకుని నా మీదికొచ్చింది. ఏందిరా యాకూబూ, నా గోంగూర పప్పు చానా సల్లగా సచ్చింది, రేకుని ఏం జేశావురా అని. మీ కూరలు వెచ్చబెట్టడానికా నేనున్నది అని నేనూ అరిచాను.

అదే రోజు, మూడు గంటలకి.
నేనెంత వెధవని! రేకు ఎందుకు చల్లబడింది? వేడి పైపుల్లోకి పోబట్టే కదా!
పిచ్చమ్మత్త గిన్నె లాక్కుని ఆఫీసు గదికి పరిగెత్తాను. రామబ్రహ్మం గారు వచ్చి భయపడుతూ రేకు మీద చెయ్యి పెట్టారు, పోయినేడు అదే రేకు తగిలి బొబ్బలెక్కిన చెయ్యే. పెట్టి, ఇక తియ్యలేదు. పకపకా నవ్వారు. పైపులు ఉంటాయి, ఆరు రోజులూ మిల్లు ఆడుతుంది అన్నారు. ముప్పై ఆరేళ్లవాణ్ణి, ఎగిరి గంతేశాను.
సంగతి విని పిచ్చమ్మత్త, మా కూడు సల్లబడితే కూలి నిలబడుద్దా, అయితే సల్లగానే తింటాం పోరా అంది. తర్వాత ఇంకో రెండు తిట్లు కూడా తిట్టింది.

మార్చి 4, శనివారం.
వారంలో ఆరో రోజు. నలభై మందీ వచ్చారు. గిన్నెలు ఆ చల్లటి రేకు మీదే పెట్టారు.