ఫణిగిరి పొట్లం

మీరు పోయి నేటికి మూడేళ్ళు. అక్కడ మీ దగ్గు తగ్గిందా? మీ అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మా నాన్న వేళకు తింటున్నాడా?

మన మనవరాలు సనా కోదాడ నుంచి ఒక్కతే ఫణిగిరి గుట్ట మీది పాత బౌద్ధ స్తూపం రాళ్ళు చూసొచ్చింది. అంతా పచ్చగా ఉందట. కింద హలాల్ హోటల్లో తిన్నానంటే అనుమానమొచ్చింది.

"బోర్డు ఎవరైనా రాస్తరు. కోసిందెవరో అడిగినవా?"

"దాదా లెక్క వంటింట్లకే పోయి అడిగిన దాదీ. గిట్ల అడిగే పెద్దాయన నెలనెలా ఒక్కడే గుట్టెక్కి, తిని, ఇంటికో పొట్లం కట్టించుకునేటోడట. దాదా ఫొటో చూపిస్తే ఈయనే అన్నరు!"

మిర్యాలగూడ మిల్లుకని కదా వెళ్ళేవారు? ఆ పొట్లం అక్కడిదేనని నమ్మి తిన్నాను. ఒక్కరే ఎక్కారంటే మాత్రం నమ్మను; వెంట ఎవరున్నారు? నన్నెందుకు తీసుకెళ్ళలేదు? శనివారం సనాతో నేనే వెళ్తున్నాను.