సముద్రం వెనక్కి వెళ్ళిన అధ్యాయం

పోర్ట్‌బ్లెయిర్ దగ్గర ప్రోతరాపూర్ నివాసి, కీర్తిశేషులు కృపానందం గారి భార్య, రిటైరైన ప్రైమరీ స్కూలు టీచరు జ్ఞానవతి అనే నేను, డెబ్బై నాలుగేళ్ళ వయసులో, నా తదనంతరం అమలు కావలసిందిగా ఇష్టపూర్వకంగా రాయిస్తున్న వీలునామా ఇది. నా మనసు నిలకడగా ఉంది. జ్ఞాపకశక్తి ఎలా ఉందని వకీలుగారు అడిగితే, ‘సముద్రం కింద సంత’ తొమ్మిదో అధ్యాయం మొత్తం పుస్తకం చూడకుండా అప్పజెప్పాను. ఆయన సగంలోనే చాలన్నారు, నేను ఆపలేదు. నా మీద ఎవరి ఒత్తిడీ లేదు. అలా ఒత్తిడి పెట్టే ధైర్యం ఈ దీవిలో ఒక్క శారదాదేవి గారికే ఉంది. ఆవిడ సంగతి అయిదో అంశంలో వస్తుంది.

1. ప్రోతరాపూర్‌లోని మా ఇల్లు, పెరడు, అందులోని కొబ్బరిచెట్లు నా ఏకైక కుమారుడు సురేష్ బాబుకు సర్వహక్కులతో చెందాలి. ఉంచుకున్నా అమ్ముకున్నా వాడిష్టం. అయితే పెరట్లోంచి గుట్ట మీదికి వెళ్ళే వెనక గేటుకు ఎన్నడూ తాళం పడకూడదు. అమ్మితే కొన్నవాళ్ళ చేత కూడా ఈ మాట రాయించుకోవాలి. సురేష్‌కి పుస్తకాల మీద అభిప్రాయాలు లేవు. చిన్నప్పుడు కథ ఎలా ఉందిరా అంటే “బాగుంది” అనేవాడు. పెళ్ళిచూపుల నుంచి వస్తూ పిల్ల ఎలా ఉందిరా అంటే కూడా అదే మాట. బంగారం లాంటి కొడుకు. దేవుడు వాణ్ణి ఇలాగే ఉంచుగాక.

2. ఇక నా అసలు ఆస్తి, ‘సముద్రం కింద సంత’. ఉద్యోగానికని విశాఖపట్నంలో ఓడ ఎక్కినప్పుడు నా పెట్టెలో వచ్చిన పిల్లల నవల అది. మా అమ్మ చదివింది, నేను చదివాను. అట్ట ఊడిపోయింది, రాసినవారి పేరు కూడా అట్టతోనే పోయింది. అన్నాచెల్లెళ్ళు ఇద్దరు ఒంటికన్ను పీత వెంట సముద్రం అడుగుకు వెళతారు. మనుషులు పోగొట్టుకున్న వస్తువులన్నీ అమ్మే సంత అక్కడ ఉంటుంది. తొమ్మిదో అధ్యాయంలో “సముద్రం నాలుగడుగులు వెనక్కి వేసి పిల్లలకు దారి ఇచ్చింది” అని ఉంటుంది. వాళ్ళు గవ్వలు ఏరుకుంటూ తడి ఇసుక మీద నడిచిపోతారు.

మా దీవి పిల్లలకు తెలుగు నోటికి వచ్చినంతగా కంటికి రాదు. అందుకని శనివారం సాయంత్రాలు నేనే చదివి వినిపిస్తూ వచ్చాను. పెద్దవాళ్ళూ వచ్చి కూర్చునేవారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, నేను అభిప్రాయం చెప్పందే పకోడీ పెట్టను. పొగడనక్కర లేదు, తిట్టినా పకోడీయే. ఈ కింది పంపకాలన్నీ ఆ అభిప్రాయాలను బట్టి జరిగాయి.

3. ఫీనిక్స్ బే రేవులో సామాన్లు మోసే నూకన్నకు నా పెద్ద డేగిసా, గరిటెతో సహా. నూకన్న అభిప్రాయం ఇది: “పీత అన్నేసి పేజీలు నడిసింది గానీ అమ్మా, ఒక్క మెతుకు తిన్నేదేటి?” ఆ మరుసటి శనివారం నుంచి నేను చదివేటప్పుడు పీత ప్రతి అధ్యాయంలోనూ ఏదో ఒకటి తినసాగింది. ఏడో అధ్యాయంలో పులిహోర. నా మనవరాలు షెరిన్ పెద్దయి పుస్తకం సొంతంగా చదువుకున్నప్పుడు, అచ్చులో పీత మొదటినుంచి చివరిదాకా పస్తులే ఉందని తెలిసి వెక్కివెక్కి ఏడ్చింది.

4. మా పక్కింటి వీరరాఘవయ్య గారికి నా వరండాలోని పడక్కుర్చీ. ఇన్నేళ్ళుగా కూర్చుని కూర్చుని అందులో ఆయన ఆకారం ఎలాగూ పడింది. ఆయన సర్కారీ ఆఫీసులో రిటైరయ్యారు గానీ ఆఫీసు ఆయనలోంచి రిటైరవలేదు. “లైసెన్సు లేకుండా సంత ఎలా పెట్టారండీ? తూనికలూ కొలతల వాళ్ళు ఎవరూ రారా?” అన్నది ఆయన విమర్శ. ఈ వీలునామాకు సాక్షి సంతకం తానే చేస్తానని పట్టుబట్టారు. ఆయనకూ, ఆయన భార్యకూ ఇందులో వాటా ఉంది కనుక సాక్షిగా పనికిరారని వకీలుగారు చెబితే, రూలు రూలే అని ఒప్పుకుని, ఆ రూలు నంబరు కాగితం మీద రాసుకుని వెళ్ళారు.

5. ఆ భార్యే శారదాదేవి గారు. సునామీ ఏడాది మా రెండు కుటుంబాలూ ఒడ్డు పక్కన పాత క్వార్టర్లలో ఉండేవి. క్రిస్మస్ మర్నాడు, ఆదివారం పొద్దున్నే భూమి ఊగింది. అందరం బయటికి వచ్చాం. కాసేపటికి నీళ్ళు వెనక్కి వెళ్ళిపోయాయి. మూడో క్లాసు చదివే వాళ్ళబ్బాయి ఉదయ్‌కుమార్ ముందురోజే నా నోట తొమ్మిదో అధ్యాయం విన్నాడు. సంత చూద్దామని బయలుదేరాడు. మావారు బోటు మీద పనిచేసిన మనిషి. సముద్రం ఊరికే దారి ఇవ్వదని ఆయనకు తెలుసు. పరిగెత్తుకెళ్ళి, పిల్లాడి గూబ మీద ఒకటిచ్చి, భుజాన వేసుకుని క్వార్టర్ల వెనక మెరక ఎక్కారు. నీళ్ళు వచ్చి క్వార్టర్లను తీసుకుపోయాయి. మావారి లుంగీ కూడా ఆ దారినే పోయింది. చారల నిక్కరుతో, భుజాన పిల్లాడితో ఆయన పైకి వచ్చేసరికి శారదాదేవి గారు ఏడుస్తూ, నవ్వుతూ తన శాలువా ఆయన మీద కప్పారు. ఆ తరువాత ఎందుకెళ్ళావురా అని కొడుకును అడిగారు. వాడు నా వైపు చూశాడు. అంతే, ఆవిడ నాతో మాట మానేశారు.

పుస్తకం నా భుజానున్న చర్చి సంచీలో బైబిలు పక్కన ఉండబట్టి మిగిలింది. స్కూల్లో పెట్టిన క్యాంపులో పిల్లలు కథ అడిగారు. తొమ్మిదో అధ్యాయం దగ్గరికి రాగానే శారదాదేవి గారు లేచారు. “చింపెయ్యండి టీచర్ గారూ! నా కొడుకును పొట్టన పెట్టుకోబోయింది ఆ కాగితమే!” అంటూ పుస్తకం మీద చెయ్యి వేశారు. తప్పు పుస్తకానిదని నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ఆవిడ చెయ్యి అలా ఉండగానే పైకి చదివాను. “సముద్రం నాలుగడుగులు వెనక్కి” అన్నానో లేదో ఉదయ్‌ ఎగిరి లేచి, “భాగో! పానీ వాపస్ ఆయేగా! నీళ్ళు మళ్ళీ వస్తాయి, గుట్ట ఎక్కండి!” అని అరిచాడు. పిల్లలందరూ వాడి వెనకే స్కూలు వెనక గుట్ట మీదికి పరుగు. వాళ్ళను దాటుకుని అందరికన్నా ముందు శారదాదేవి గారు. మిగతా అధ్యాయం పైన నిలబడి చదివాను. పుస్తకంలో పిల్లలు ఇంకా ఇసుక మీద గవ్వలు ఏరుతున్నారు. మా పిల్లలు వాళ్ళను చూసి, “ఒరేయ్, తిరిగొచ్చెయ్యండ్రా!” అని కేకలు. శారదాదేవి గారు కూడా కేకలు వేశారు. ఆ అల వచ్చాక క్యాంపులో మొదటిసారి నవ్వు విన్నాను. నా జీవితంలో అంత సంతోషం మరెప్పుడూ కలగలేదు, నా పెళ్ళినాడు కూడా.

నేటికీ ప్రోతరాపూర్‌లో ఆ వాక్యం వస్తే చాలు, పిల్లలు వెనక గేటులోంచి గుట్ట ఎక్కేస్తారు. చంటివాళ్ళను పెద్దవాళ్ళు ఎత్తుకోవాలి, వెనక్కి చూడకూడదు, చదివే మనిషి అందరికన్నా చివర ఎక్కాలి. ఇవీ నియమాలు. శారదాదేవి గారు ప్రతిసారీ “చింపెయ్యండి” అంటారు, ప్రతిసారీ అందరికన్నా ముందు పైకి చేరతారు. కనుక తొమ్మిదో అధ్యాయం కాగితాలు, పుస్తకంలో కుట్టి ఉన్నప్పటికీ, ఇకమీదట ఆవిడ సొంతం. నా కుట్టుమిషను కత్తెర కూడా ఇస్తున్నాను. కత్తిరించే హక్కు ఆవిడదే. గుట్ట పైన, పిల్లలందరి ముందు కత్తిరించాలన్నది ఒక్కటే షరతు.

6. మావారు కట్టకుండా దాచుకున్న కొత్త గళ్ళ లుంగీ, ఇప్పుడు దీవుల మధ్య తిరిగే బోటులో పనిచేస్తున్న ఉదయ్‌కుమార్‌కు. ఎందుకో వాడికి తెలుసు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా వాడిదే.

7. పుస్తకం షెరిన్‌కు. వకీలుగారు వీలునామా మనిషి పోయాకే చెల్లుతుందన్నారు. అయినా ఇది మాత్రం ఈ సాయంత్రమే చేతులు మారుతుంది. కారణం చెబుతాను. నా మోకాళ్ళు పనికిరాకుండా పోయాయి. రెండేళ్ళుగా పిల్లలు గేటు దగ్గర నాకోసం ఆగుతున్నారు, చేతులు పట్టుకుని లాగుతున్నారు. పోయిన నెల లిఖిత, రెండో క్లాసు పిల్ల, సగం గుట్ట ఎక్కినది నన్ను చూసి కిందికి దిగి వచ్చింది. “అమ్మమ్మా, నేనున్నా కదా” అంది. పైకి చేరాక నవ్వుతూనే చదివాను గానీ ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. నిజం నీళ్ళే వస్తే ఆ పిల్ల ఇలాగే దిగి వస్తుంది. ఇన్నేళ్ళు నేను నేర్పిన ఒక్క పాఠం నా మోకాళ్ళ వల్ల చెడిపోతోంది. షెరిన్‌వి పదిహేడేళ్ళ కాళ్ళు. తెలుగు ఇంకా కూడబలుక్కునే చదువుతుంది. పరవాలేదు, అది “స...ము...ద్రం” అనేలోగా పిల్లలు గేటు దాటేస్తారు. పీతకు అన్నం పెట్టడం మరవకూడదు.

8. నన్ను భూస్థాపన చేసేటప్పుడు పాటలు పాడండి, ప్రార్థన చేయండి. ఉపన్యాసాలు వద్దు, నా మీద అభిప్రాయాలు పకోడీల దగ్గర చెప్పుకోవచ్చు. షెరిన్ తొమ్మిదో అధ్యాయం చదవాలి. ఆ వాక్యం రాగానే పాస్టరుగారితో సహా అందరూ దగ్గరున్న మెరక మీదికి పరిగెత్తాలి. పెట్టె సగం దిగి ఉన్నా సరే, అక్కడే వదిలెయ్యండి. లిఖితా, ఇది ముఖ్యంగా నీకు రాస్తున్నాను తల్లీ. వెనక్కి చూడకు. అమ్మమ్మ కోసం ఎవ్వరూ ఆగకూడదు.

2023 నవంబరు 18, శనివారం, సాయంత్రం చదువు మొదలుకాకముందు, ప్రోతరాపూర్.

(సంతకం) జ్ఞానవతి

సాక్షులు:
మల్లేశు, రేషను షాపు, ప్రోతరాపూర్
వాసవి, నర్సు, లిఖిత తల్లి. చదివి, విని, కళ్ళు తుడుచుకుని సంతకం చేశాను. పాప చేత కూడా ఒట్టు వేయించాను.