వెనక కాళ్లు

ఫిబ్రవరి 1, శనివారం

ఈ రోజు ఒక పంది నన్ను ఓడించింది. చచ్చి, ముక్కలై, కుక్కర్‌లో కూర్చుని కూడా ఓడించింది. ఏడు విజిళ్ల తర్వాత మూత తీస్తే ముక్క చెప్పు అట్టలా ఉంది. ఫ్లాట్ అంతా మూత్రం కంపు. పై ఫ్లాట్ వాళ్లు లీజింగ్ ఆఫీస్‌కి ఫోన్ చేశారు.

మాంసం తెచ్చింది సాయి తేజ. రెండేళ్లుగా నా రూమ్మేట్, కరీంనగర్ వాడు. మాస్టర్స్ కలిసి చేశాం, ఇప్పుడు ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి మీద కలిసి ఉద్యోగాలు వెతుకుతున్నాం. జిమ్‌లో వాడికి పరిచయమైన వేడ్ అనే తెల్లాయనకు మేముండే ప్లేనో నుంచి రెండు గంటల దూరంలో ర్యాంచ్ ఉంది. అడవి పందులు పొలమంతా తవ్విపోస్తున్నాయట, ఎంత కావాలంటే అంత పట్టుకుపొమ్మన్నాడట. నిశాంత్‌గా, మణుగూరోనివి అయ్యుండి అడవి పంది వండుడు రాదా అని సాయి తేజ నన్ను సాయంత్రమంతా ఏడిపించాడు.

ఫిబ్రవరి 2

వండటం వచ్చేసింది. కొవ్వంతా కోసి పారేశాను, కంపు అందులోనే ఉంది. ముక్కల్ని ఉప్పు, పసుపు, వెనిగర్‌లో నానబెట్టి, పొద్దున నాలుగు నీళ్లు కడిగాను. కుక్కర్ ముట్టలేదు. మందపాటి గిన్నెలో సన్న సెగ మీద రెండున్నర గంటలు. ధనియాలు, ఎండుకొబ్బరి, మిరియాలు చివర్లో. సాయి తేజ గిన్నె తుడిచి మరీ తిన్నాడు. ఈ మధ్య నేను సరిగ్గా చేసిన పని ఇదొక్కటే.

ఫిబ్రవరి 8, సాయంత్రం 4

చంపాను.

తుపాకీతో కాదు. వేడ్ తన ర్యాంచ్‌లో కుక్కలతో వేటాడతాడు, ఈ రోజు మమ్మల్నీ తీసుకెళ్లాడు. కుక్కలు పంది చెవులు పట్టి వేలాడతాయి. ఒకడు వెనక నుంచి వచ్చి పంది వెనక కాళ్లు రెండూ పట్టుకుని పైకెత్తాలి. కాళ్లు గాల్లో ఉంటే పంది తిరగలేదు. అప్పుడు రెండోవాడు మోకాళ్ల మీద కూర్చుని ముందు కాలి వెనక కత్తి దించాలి. వేడ్ ఒకటే రూల్ చెప్పాడు. నేను చెప్పేదాకా కాళ్లు వదలొద్దు, కత్తి పట్టినవాడి ప్రాణం నీ చేతుల్లో ఉంటుంది అన్నాడు.

కాళ్లు సాయి తేజ పట్టాడు. కత్తి నాది. చర్మం దగ్గర ఆగింది, ఆ తర్వాత పిడి దాకా దిగిపోయింది. పంది అరుపు నా పళ్లలో తెలిసింది. తిప్పమన్నాడు వేడ్. తిప్పాను. మోచేతి దాకా వేడి నెత్తురు. వణికాను, భయంతో కాదు. చాలా బాగుంది. ఎవరికీ చెప్పుకోలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఫిబ్రవరి 15

ఇంకోటి. గుండె, లివర్ మిరియాలేసి వేపాను. ఇంటికొచ్చాక రిజెక్షన్ మెయిల్ చూసినా కోపం రాలేదు. నిద్ర బాగా పడుతోంది.

ఫిబ్రవరి 21

ఇంటర్వ్యూ ఫైనల్ రౌండ్. ఇద్దరం వెళ్లాం. ఒకే కంపెనీ, ఒకే సీటు. ఎవరికొచ్చినా పార్టీయే అని తిరిగొచ్చేటప్పుడు కార్‌లో అనుకున్నాం. ఆ మాట అన్నది నేనే.

ఫిబ్రవరి 28

వాడికి వచ్చింది.

నీది గూడ వస్తది మామా, టెన్షన్ వడకు అని నా చెంప మీద తట్టాడు. చిన్నపిల్లాణ్ణి తట్టినట్టు. పార్టీకి పంది వేపుడు చెయ్యమన్నాడు. చేశాను. పచ్చిమిర్చి రెండింతలు వేశాను, కావాలనే. కళ్ల నుంచీ ముక్కు నుంచీ నీళ్లు కారుతున్నా ఇంత బాగా ఎన్నడూ వండలేదని మెచ్చుకుంటూ తిన్నాడు. ఒళ్లు మండిపోయింది. రేపు పొద్దున్నే ర్యాంచ్‌కి వెళ్తున్నాం. ఈసారి కత్తి వాడిదట.

మార్చి 1, మధ్యాహ్నం

హాస్పిటల్. సాయి తేజ ఆపరేషన్‌లో ఉన్నాడు. పంది కాళ్లు నా చేతుల్లోంచి జారాయి.

మార్చి 2

కుడి కాలు తీసేశారు. మోకాలి పైన.

వాళ్లక్క ఉజ్వల పక్క ఊరు ఫ్రిస్కో నుంచి వచ్చింది. ఎట్లయింది తమ్మీ అని నన్నే అడిగింది. బురదక్కా, జారింది అన్నాను. ఏడుస్తూనే నాకు కాఫీ తెచ్చిచ్చింది. నువ్వు లేకుంటే వాడు ఆడనే పోతుండె అంది.

మార్చి 6

బురద ఉంది. గ్లౌజులు లేవు. ఎవరికైనా జారుతుంది.

మార్చి 9, ఆదివారం

జారలేదు.

రాస్తాను.

చాలా పెద్ద పంది. కాళ్లు గట్టిగానే పట్టాను. వేడ్ అటువైపు కుక్కల దగ్గర ఉన్నాడు. సాయి తేజ మోకాళ్ల మీద కూర్చుని, కత్తి తీసి, నా వైపు తిరిగి నవ్వాడు. జర పైలం మామా, పదో తారీఖు నాకు జాయినింగ్ ఉన్నది అన్నాడు. జోకే. రోజూ వేసేలాంటి జోకే. నేను వేళ్లు విప్పాను. పదీ నేనే విప్పాను. వాడు ఒక్క సెకను భయపడితే చాలనుకున్నాను. వెల్లకిలా పడి, వేడ్ ముందు కేక పెడితే చాలనుకున్నాను. వాడు చావాలని అనుకోలేదు. అనుకోలేదనే అనుకుంటున్నాను.

కాళ్లు నేలకి ఆనగానే పంది తిరిగింది. కుక్క నోట్లో చెవి ముక్క మాత్రం మిగిలింది. కోర తొడలో దిగి పైకి చీల్చింది. గుడ్డ చిరిగిన చప్పుడు వచ్చింది, ప్యాంటే అనుకున్నాను. లోపల తెల్లగా ఎముక కనిపించింది. పంది రెండోసారి కుమ్మింది. మూడోసారి కుమ్మబోతుంటే వేడ్ పిస్టల్ తీసి దాని తలలో కాల్చాడు. అప్పటిదాకా నేను కదల్లేదు. చేతులు చాపుకుని నిలబడే ఉన్నాను.

వేడ్ బెల్ట్ తీసి తొడకి కట్టాడు, అంబులెన్స్ కోసం 911కి ఫోన్ చేయబోయాడు. సాయి తేజ వద్దని అరిచాడు. ఇన్సూరెన్స్ లేదు, పోలీసులొస్తే వీసా ఏమైతదో, అక్కకు చెప్పకుర్రి అని అరిచాడు. అంబులెన్స్ అంటే ఇక్కడ మా అందరికీ ఉన్న భయమే అది. నేనూ వద్దన్నాను. నాకు కావలసింది వేరు, ఎవరూ ప్రశ్నలు అడగకూడదు. యాభై నిమిషాలు డ్రైవ్ చేశాను. అంబులెన్స్‌లో వచ్చుంటే కాలు దక్కేదేమో అని డాక్టర్ ఉజ్వలక్కతో అన్నాడట.

మార్చి 13

వేడ్ వచ్చి తలుపు ముందు రెండు ఐస్ కూలర్లు పెట్టాడు. అదే పంది. కోసి, ప్యాక్ చేసి, ఫ్రీజ్ చేసి తెచ్చాడు. ఇది సాయిదే, వాడికే చెందాలి అన్నాడు. నువ్వు చేయగలిగినంతా చేశావు అని నన్ను కౌగిలించుకున్నాడు. ఆయన గడ్డం తడిగా ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

మార్చి 20

కంపెనీ ఫోన్ చేసింది. సాయి తేజ జాయిన్ కాలేడు కాబట్టి ఆ సీటు నాకట. ఆలోచించడానికి రెండు రోజులు ఇస్తామన్నారు. అప్పుడే యెస్ అన్నాను.

మార్చి 29, శనివారం

సాయి తేజ అక్క వాళ్లింట్లో ఉంటున్నాడు. మెసేజ్ పెట్టాడు. పంది తీసుకొని రా, తొడ ముక్కలు తే అని. ఈ రోజు అన్నీ చెప్పేద్దామని బయల్దేరాను, ఉద్యోగం సంగతి, వేళ్ల సంగతి.

ఉజ్వలక్క వంటింట్లోకి పంది రానివ్వదు. గ్యారేజీలో చేపలు వేపుకునే గ్యాస్ స్టవ్ మీద వండాను. వాడు వీల్‌చెయిర్‌లో నా పక్కనే కూర్చుని నేను కోస్తున్నంతసేపూ నా చేతుల్నే చూశాడు. రెండున్నర గంటలు. క్రికెట్ మాట్లాడాడు. కూర ఉడికాక ముందు తనే తిన్నాడు, నాలుగైదు ముక్కలు. ఉప్పు సరిపోయిందన్నాడు. జాబ్ వచ్చిందట గద, కంగ్రాట్స్ అన్నాడు. నేను నోరు తెరిచాను. వాడు తల అడ్డంగా ఊపాడు.

నీ వేళ్లు చూసిన మామా అన్నాడు. బొటనవేళ్లు ముందు ఇడిసినవ్, అటెనుక తక్కినయి.

గొంతు కూడా పెంచలేదు. నా మణికట్టు పట్టుకుని, అరచేతిని మరుగుతున్న గిన్నెకి అదిమాడు. నేను లాక్కోలేదు. చర్మం అంటుకుంది. నాకు వినిపించింది, వాసన కూడా వచ్చింది. అరవకూడదని పెదవి కొరుక్కున్నాను, నెత్తురొచ్చింది. వాడు నా మొహంలోకే చూస్తున్నాడు, కూర అయ్యిందో లేదో చూసినట్టు. తర్వాత వదిలాడు. గిన్నె అడుగున కూర మాడింది. ఏందా వాసన అని ఉజ్వలక్క తలుపు తీసింది. ఏం లేదక్కా, గిన్నె జారితే పట్టుకున్నడు అన్నాడు. ఆమె బర్నాల్ కోసం పరుగెత్తింది.

ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్తే నువ్వు ఇండియా పోతవ్, నాకేం దొరుకుతది అన్నాడు. మాంసం అయిపోయేదాకా ప్రతి శనివారం వచ్చి వండాలట. ఎదురుగా కూర్చుని తినాలట. అన్నం కలిపి ముద్ద నా నోట్లో పెట్టాడు. మింగాను.

ఏప్రిల్ 5

భుజం. ఎడమ చేత్తో వండాను. తిన్నాను.

ఏప్రిల్ 12

పక్కటెముకలు. వాడు తిట్టినా బాగుండు.

ఏప్రిల్ 26

మాంసం అయిపోయింది. సాయి తేజ వేడ్‌తో మాట్లాడాడట, వచ్చే శనివారం ర్యాంచ్‌కి పోదామన్నాడు. ఈసారి కత్తి నాకట. వెనక కాళ్లు తను పట్టుకుంటాడట, వీల్‌చెయిర్‌లో కూర్చునే.

సరేనన్నాను.