మడతలు మాత్రం నావి

సోమవారం

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. అలవాటు కొద్దీ చేతికి వచ్చిన మాట ఇది, ఎక్కువ సంతోషించకు.

ఆదివారం మొదలయ్యే కార్డుల ప్రదర్శనకు నువ్వు పంపిన ఆహ్వానం అందింది. హాలు గుమ్మంలో పెట్టబోయే బోర్డు నకలు కూడా అందులోనే పెట్టావు. నా గుండె గట్టిదని నీ నమ్మకం కాబోలు. ‘ముప్పై ఏళ్లపాటు ఏటి గట్టున, కొండ దారుల్లో ఏరిన పూలతో, ఆకులతో మా అక్క ఒంటిచేత్తో చేసిన శుభాకాంక్షల కార్డులు.’ ఒంటిచేత్తో! మూడుసార్లు చదివాను. పుస్తకాలకు బైండింగు చేసి బతికినవాణ్ణి, చేతికొచ్చిన ప్రతి పుస్తకాన్నీ కుట్టే ముందు చదివినవాణ్ణి. అబద్ధాన్ని ఎన్ని రకాలుగా రాయొచ్చో నాకు తెలుసు. ఇంత చిన్న వాక్యంలో ఇంత పెద్ద అబద్ధాన్ని ఇమిడ్చినవాణ్ణి మాత్రం ఇప్పుడే చూస్తున్నాను. ఈ పొదుపు నీ నవలలో చూపించి ఉంటే బాగుండేది.

నవలంటే గుర్తొచ్చింది. మేం కార్డులు మొదలుపెట్టిన ఏడే నువ్వది సొంతంగా అచ్చు వేయించుకున్నావు. ఎవరూ కొనకపోతే పాతిక ప్రతులు తెచ్చి మా ఇంట్లో పడేశావు. మొదటి వాక్యంలోనే వాన కురిపించి, ఆకాశం ఏడుస్తోందన్నావు. అక్కడే మూసేశాను. ఆ మాట నీ మొహానే చెప్పాను కూడా. అప్పటినుంచీ కడుపులో పెట్టుకున్న కక్షని ఇప్పుడు ఈ బోర్డు మీద కక్కుతున్నావు.

నిజం నేను చెబుతాను, విను. పొద్దున్నే మంచు ఆరాక ఇద్దరం వెళ్లి పూలు కోసేవాళ్లం. వాటిని అద్దుడు కాగితాల మధ్య పేర్చి, నా బైండింగు ప్రెస్సులో మర బిగించి ఆరబెట్టింది నేను. ఈ పనికి ప్రాణం పువ్వు రంగు నిలవడంలో ఉంది. అతికించడానికేం, ఎవరైనా అతికిస్తారు. మీ అక్కకు అద్దుడు కాగితాలంటే విసుగు. ‘ఏదో ఒక పుస్తకంలో పెట్టేస్తే పోలా?’ అనేది. తడి పువ్వును పుస్తకంలో పెట్టడమంటే ఆ పుస్తకం పీక నొక్కడమే. మా ఇంట్లో నాలుగు గోడలా పుస్తకాలే. ఒక్కదానిలోనూ ఒక్క రేకు పెట్టనివ్వలేదు. మొదటి ఏడాది నా నిఘంటువులో గడ్డిపువ్వు మరక చూసి, మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. తప్పు చేశానని ఇప్పటికీ అనుకోవడం లేదు.

ఆమె పోయి పదకొండు నెలలైంది. ఆమె పేరు తీసేయమని అనడం లేదు. నా పేరు పెట్టు, అది ముందుండాలి. లేదంటే ఆదివారం వచ్చినవాళ్లందరి ముందూ ఆ బోర్డును నా చేత్తో ఊడబీకుతాను.

ఇట్లు,
ఆ పూలకు రంగు నిలబెట్టినవాడు

గురువారం

బావమరిదికి,

ఈసారి చిరంజీవి రాయలేదు. గమనించే ఉంటావు.

నిన్న మనం అనుకున్న మాటలు రేపు నువ్వు తిప్పి చెప్పకుండా రాసి పెడుతున్నాను. మా ఇంటికొచ్చి, గుమ్మం దాటకుండానే అన్నావు, ‘బావగారూ, బోర్డు మారదు.’

‘నీ అబ్బ సొమ్మా?’ అన్నాను.

‘మా నాన్న జోలికి రాకండి. ఆయన మీకూ మామగారే.’

‘ఆయన మంచివాడు కనుకే అడుగుతున్నా, నువ్వెలా పుట్టావని.’

నీకు కోపం రాలేదు. నాకు ఒళ్లు మండింది అందుకే. పిల్లాడికి మందు పోసేవాడిలా గొంతు తగ్గించి, ‘అక్క నాచేత ఒట్టు వేయించుకుంది. తనున్నన్నాళ్లూ మీకు చెప్పొద్దంది’ అన్నావు.

‘ఏమిటది?’

‘నా నవల మళ్లీ ఎప్పుడైనా తెరిచారా?’

‘ఒకసారి చేసిన పాపం చాలు.’

‘తెరవరని అక్కకు తెలుసు. అందుకే.’

అందుకే ఏమిటో చెప్పకుండా మెట్లు దిగిపోయావు. నవలాకారుడివి కదా, అధ్యాయం అక్కడ ఆపావు. నీ పుస్తకాల పెట్టె ఇంకా మీ అక్క పనిబల్ల కిందే ఉంది. ఆదివారం దాన్ని హాలుకు మోయించుకొస్తాను. బోర్డు ఊడబీకాక, వచ్చినవాళ్లకు తలా ఒక ప్రతి పంచుతాను. అంతకు మించిన శిక్ష నీకు గానీ వాళ్లకు గానీ నాకు తోచడం లేదు.

ఇట్లు,
ఒక్క మాటా వెనక్కి తీసుకోని మీ బావ

శనివారం

చిరంజీవి బావమరిదికి,

పెట్టె బయటికి లాగాను. దుమ్ము దులుపుదామని పైనున్న ప్రతి తీశాను. పుస్తకం ఉబ్బిపోయి ఉంది, అట్ట మూసుకోవడం లేదు. బైండరుకు అలాంటి పుస్తకం ముట్టుకుంటేనే తెలిసిపోతుంది.

నలభయ్యో పేజీలో నీలి గడ్డిపువ్వు మరక, ముదురుగా. నలభై నాలుగులో అదే పువ్వు, అదే వంకర కాడ, కొంచెం లేతగా. నలభై ఎనిమిదిలో ఇంకా లేతగా. యాభై రెండులో గీత మాత్రం. రోజుకొకసారి పువ్వును పొడి పేజీలోకి మార్చింది. పాతిక ప్రతుల్లోనూ ఇదే వరస, పక్కన పెన్సిలుతో తేదీలు. చివరి తేదీ ఆమె ఆసుపత్రికి వెళ్లిన వారానిది.

అద్దుడు కాగితాలను కూడా రోజూ మార్చాలి. ఆ సంగతి ఊరందరికీ చెప్పేవాణ్ణి. నేను మాత్రం మర బిగించి, కుర్చీలో కూర్చుని చదువుకునేవాణ్ణి. వారం తర్వాత, ‘మీరు చదువుకోండి, ప్రెస్సు నేను విప్పుతాలే’ అనేది. భర్తంటే భక్తి అనుకున్నాను.

పెట్టె అడుగున ఒక పెద్ద కవరుంది. అందులో మరిగించిన టీ పొడి రంగుకు తిరిగిన పూలు, ఆకులు. కవరు మీద ఆమె దస్తూరీ: ‘ఆయనవి. పారేయడానికి చేతులు రాలేదు.’

కోపం తగ్గిందనుకోకు. ముప్పై ఏళ్లు నేను రంగు గురించి ఉపన్యాసాలిస్తుంటే తలూపుతూ విన్నావు. అందుకు నిన్ను క్షమించను. ఆమె మీదా కోపంగానే ఉంది, ఒక్కసారి చెప్పి ఉండాల్సింది. ఎలా చెబుతుంది? ఒక్క మరకకు మూడు రోజులు నోరు మూసుకున్నవాడితో ఎవరు చెబుతారు? ఇంటినిండా పుస్తకాలుండగా, నేను తెరవనని ఆమె ధైర్యంగా నమ్మిన పుస్తకం నీదొక్కటే అయింది. ఇక నా మీద నాకున్న కోపం రాయాలంటే ఈ కాగితం చాలదు.

మరకల పక్కనున్న వాక్యాలు కొన్ని చదివాను. నలభై ఎనిమిదో పేజీలో అన్నాచెల్లెళ్ల పోట్లాట బాగుంది. ఇంతకంటే ఆశించకు.

రేపు వస్తాను. బోర్డు జోలికి రాను, ‘ఒంటిచేత్తో’ అన్న మాటను అలాగే ఉండనీ. గాజు పెట్టెలో నీ నవలను నలభయ్యో పేజీ దగ్గర తెరిచి పెట్టు. పక్కనే ఆ కవరును కూడా పెట్టు, అందరూ చూడనీ. బోర్డు అడుగున మాత్రం, చిన్న అక్షరాలతో ఒక్క మాట చేర్చు: ‘కార్డుల మడతలు: ఆమె భర్త.’ ఆ అట్టలన్నిటినీ అంచుకు అంచు కలిపి, బద్దతో నొక్కి మడిచింది నేనే. ఇవాళ పొద్దున పన్నెండు కార్డులకు కొలబద్ద పెట్టి చూసుకున్నాను. వెంట్రుకవాసి తేడా లేదు.

ఒకవేళ వాటిని కూడా ఆమే మళ్లీ సరిచేసేదని నీకు తెలిసుంటే, ఆ ఒక్కటీ నాకు చెప్పకు.

ఇట్లు,
మీ అక్క భర్త