గదిలో మిగిలిన తూటా

లాస్ట్ విలో, వయోమింగ్
మార్చి 3

వెర్లిన్ అన్నయ్యకు,

నవ్వకుండా చదువు. నీ చెల్లెలు అరవై ఒకటో ఏట తుపాకీ కొన్నది. సెమీ ఆటోమేటిక్ రైఫిల్. మా ఆయన డెల్ పోయాక ఇదే నేను ఒంటరిగా దాటబోయే మొదటి గొర్రెల ఈతకాలం. గొర్రెలు ఇంకా ఈనడం మొదలుపెట్టకముందే కయోటీ నక్కలు కంచె చుట్టూ తిరుగుతున్నాయి. డెల్ ఉన్నప్పుడు అతని పాత రైఫిల్ శబ్దానికే పారిపోయేవి. అది అతని అన్నకొడుకు పట్టుకెళ్ళాడు. నాకు పనికిరాదనుకున్నాడు కాబోలు.

కొట్టులో అమ్మినవాడు నాకు లైటు, లేజరు, మూడు రకాల పిడులు, గురి చూడ్డానికి మోచేయంత స్కోపు అంటగట్టాలని చూశాడు. "మా అన్నయ్యని అడిగి చెబుతా" అన్నాను. "మీ అన్నయ్యకి తుపాకుల గురించి తెలుసాండీ?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నలభై ఏళ్ళు తుపాకుల మరమ్మతు కొట్టు నడిపినవాడివి నువ్వు.

దానికి ఇంకేం కొనాలో, ఎలా చూసుకోవాలో రాయి. నిజం చెప్పాలంటే నాకు అందులో ఏమీ తెలియదు. నాన్న నీకు పన్నెండో ఏట రైఫిల్ ఇచ్చాడు. నాకు పన్నెండు నిండినప్పుడు ఇస్త్రీపెట్టె ఇచ్చాడు. ఆ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఇవాళ ఎందుకో రాసేశాను.

ఆర్డిత్ వదినకు నా ప్రేమ.

నీ చెల్లెలు
లియోటా


బెల్ ఫోర్డ్
మార్చి 11

చిట్టి చెల్లెమ్మా,

నవ్వలేదు. రెండుసార్లు చదివి కళ్ళజోడు తుడుచుకున్నాను.

ఫోన్‌లో చెబుదామంటే నువ్వు గొర్రెలు అంటే నాకు గొడుగులు అని వినిపిస్తుంది. అందుకే నువ్వు కొనాల్సిన మొదటి వస్తువు చెవులకు పెట్టుకునే డిప్పలు. స్కోపు కంటే ముందు, నూనె కంటే ముందు. నాన్న గానీ నేను గానీ ఏనాడూ పెట్టుకోలేదు. చెవుల్లో దూది పెట్టుకున్నవాణ్ణి చూసి ఎగతాళి చేసేవాళ్ళం. ఇప్పుడు పక్కింట్లో కుక్క మొరిగినా నాకు వినబడదు.

రెండోది భుజానికి తగిలించుకునే పట్టీ, వెడల్పుగా ఉన్నది. చేతిలో గొర్రెపిల్ల ఉన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. మూడోది తాళం వేసే ఇనుప బీరువా. తూటాలకు వేరే పెట్టె, వేరే తాళం. గుడ్డ సంచిలో మోసుకెళ్ళు గానీ అందులో దాచకు, చెమ్మ పట్టి తుప్పొస్తుంది. స్కోపు చిన్నది చాలు. లైటూ లేజరూ అమ్మినవాడికే వదిలెయ్.

తుపాకీ గొట్టాన్ని వెనకవైపు నుంచి తుడువు, మూతివైపు నుంచి కాదు. తుడిచే కడ్డీ రాసుకుని మూతి అరిగితే గురి పోతుంది. ముందు మసి వదిలించే ద్రావకం, ఇత్తడి బ్రష్, తర్వాత పొడి గుడ్డపీలికలు తెల్లగా వచ్చేదాకా. ఆఖర్న నూనె. కొత్తవాళ్ళంతా పెనం మీద పోసినట్టు పోస్తారు. మన సేజ్ పొదల దుమ్మంతా దానికి అంటుకుని, అసలు సమయానికి తూటాని లోపలికి తోసే బోల్టు కదలదు. పలచని పొర చాలు. తూటాలు పేర్చే మ్యాగజైన్ లోపల నూనె చుక్క కూడా వద్దు.

ఆ నూనె వాసన రాస్తుంటేనే వచ్చింది. నీకు గుర్తుందా, వేట మొదలయ్యే రోజు పొద్దున్నే నాన్న పికప్‌లో ముగ్గురం ఇరుక్కుని వెళ్ళేవాళ్ళం? హీటరు పనిచేసేది కాదు. అమ్మ ఇటుకలు పొయ్యిలో కాల్చి గోనెసంచిలో చుట్టి మన కాళ్ళ కింద పెట్టేది. నాన్న కాల్చేవాడు, నేను కాల్చేవాణ్ణి, నువ్వు కింద పడిన ఖాళీ తూటా తొడుగులు ఏరేదానివి. ఒక్కోటీ పెదవికి ఆనించి ఈల వేసేదానివి. నాన్న విసుక్కునేవాడు, "ఆపవే, జింకలన్నీ మోంటానా దాటిపోతాయి!" అని. ఒక ఏడు కంకర గోతుల దగ్గర నాన్న కునుకు తీస్తుంటే నీ చేతికి రైఫిల్ ఇచ్చాను. పందికొవ్వు డబ్బాని మొదటి దెబ్బకే పడగొట్టావు. నాన్న ఉలిక్కిపడి లేచి, "బాగా కొట్టావురా వెర్లిన్" అన్నాడు. నువ్వు నా వంక చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వావు. ఇస్త్రీపెట్టె సంగతి నాకు తెలియదు లియోటా. నీ చెయ్యి మాత్రం నాకప్పుడే తెలుసు.

ఇక అసలు మాట. నాన్న రైఫిల్‌కి ఒక్కో తూటాకీ బోల్టు లాగాలి. నీది అలా కాదు. ఒకటి పేలగానే ఇంకోదాన్ని తనంతట తనే గొట్టం మొదట్లో ఉండే తూటా గదిలోకి ఎక్కించుకుంటుంది. మ్యాగజైన్ ఊడదీస్తే ఖాళీ అయిందనుకుంటావు. కాలేదు. ఒకటి గదిలోనే ఉంటుంది. మ్యాగజైన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, కళ్ళతో చూసి, చిటికెనవేలు పెట్టి తడుము. ఎప్పుడూ.

ఈ మాట కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాను. పోయిన నెల వంటగది బల్ల మీద నా రైఫిల్ తుడవబోతున్నాను. ఆర్డిత్ పొయ్యి దగ్గర ఉంది.

"అది ఖాళీయేనా వెర్లిన్?" అంది.

"నన్నా అడుగుతున్నావు? మ్యాగజైన్ తీశాగా!"

"అది కాదు. లోపల చూశావా?"

ఆమె నోరు మూయించడానికే బోల్టు లాగాను. తూటా ఎగిరిపడి బల్ల మీద దొర్లి ఆమె కాళ్ళ దగ్గర ఆగింది. ఎప్పుడు నింపానో నాకు తెలియదు. గొట్టం ఆమె వైపే ఉంది. ఆర్డిత్ పొయ్యి ఆర్పి, కుర్చీలో కూర్చుని, ఏప్రన్‌తో మొహం కప్పుకుంది. తిట్టినా బాగుండేది.

డాక్టరు నా ఈ మతిమరుపు జబ్బుకి ఒక పేరు చెప్పాడు. రాయబుద్ధి కావడం లేదు. మెల్లగా వస్తుందట, మెల్లగా అన్నీ తీసుకుపోతుందట. అందుకే వచ్చి నా తుపాకులన్నీ నీ బీరువాలో పెట్టుకో. తాళంచెవి నాకివ్వకు. అడుగుతాను, అరుస్తాను, అప్పుడు కూడా ఇవ్వకు. ఈ పని నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

నీ అన్న
వెర్లిన్


లాస్ట్ విలో
మార్చి 26

అన్నయ్యా,

మొన్న ఆదివారం ఏం జరిగిందో రాయమని నువ్వే అడిగావు, మరిచిపోతే చదువుకోవడానికి. అందుకని ఏదీ దాచకుండా రాస్తున్నాను. వదిన దీన్ని నీ మంచం పక్కన పెడుతుంది.

నేను వచ్చేసరికి నువ్వు గడ్డం గీసుకుని, తోలు చెప్పులు తొడుక్కుని, గుమ్మంలో ఉన్నావు. వదిన బీన్స్ సూపు, మొక్కజొన్న రొట్టె చేసింది. తిన్నాక ఒక్కో తుపాకీ నువ్వే తెచ్చి దుప్పటి మీద పెట్టావు. ఒక్కోదాని కథా చెప్పావు. నాన్నది ఇచ్చేటప్పుడు మాత్రం కథ చెప్పలేదు. అన్నీ పికప్‌లో సర్ది తలుపుకి తాళం వేశాను.

అప్పుడు నీ మొహం మారిపోయింది.

"ఏయ్! ఎక్కడికి పట్టుకెళ్తున్నావ్? ఆడదానివి, నీకెందుకు అవి? తాళం ఇటివ్వు!"

అది నీ గొంతు కాదు, నాన్న గొంతు. తాళంచెవి పిడికిట్లో బిగించాను.

"ఇవ్వను అన్నయ్యా" అన్నాను.

"ఇవ్వవూ?"

"ఇవ్వను. ఇవ్వొద్దని నువ్వే రాశావు."

నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు. నొప్పి పుట్టింది. వదిన పరుగున వచ్చి, "వెర్లిన్, అది మన లియోటా" అంది. నువ్వు చెయ్యి వదిలి, మెట్టు మీద కూలబడి, నీ అరచేతులు చూసుకుంటూ ఉండిపోయావు. అన్నయ్యా, నిన్ను అలా వదిలి బండి ఎక్కడం నావల్ల కాలేదు.

ముందు సీటు వెనక నా కొత్త రైఫిల్ ఉంది. తెచ్చాను. మ్యాగజైన్ తీశాను. బోల్టు లాగాను. చూశాను. వేలు పెట్టి తడిమాను. నీ పక్కన కూర్చుని నీ ఒళ్ళో పెట్టాను. వదిన చెయ్యి అడ్డం పెట్టబోయింది. నేను ఫరవాలేదన్నట్టు తల ఊపాను.

నువ్వు దాన్ని వెలుగుకు తిప్పావు. "నూనె ఎక్కువైంది" అన్నావు. జేబులోంచి రుమాలు తీసి తుడిచావు, తొందర లేకుండా, అమ్మ పళ్ళెం తుడిచినట్టు. తర్వాత గదిలోకి చిటికెనవేలు పోనిచ్చి, "ఖాళీ" అన్నావు.

నేను అందుకోబోయాను. నువ్వు వదల్లేదు. నా కళ్ళలోకి సూటిగా చూశావు. ఆ క్షణంలో మా వెర్లిన్ మొత్తంగా అక్కడే ఉన్నాడు.

"మళ్ళీ చూడు లియోటా. నా మాట నమ్మకు" అన్నావు.

మళ్ళీ చూశాను. ఖాళీయే, అన్నయ్యా.

నీ చెల్లెలు
లియోటా