తాన్యా, పేరు మార్చుకోకు

సూర్యాపేట

బిడ్డా తాన్యా,

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తూ అడిగినదానికి జవాబు రాస్తున్నాను. టర్కీలో నీకు గది కిరాయికిచ్చిన ముసలమ్మ, పేరు వినగానే రష్యా పిల్లవేమోనని ముఖం తిప్పుకుందన్నావు. అఖిల అని చెప్పుకోనా అని అడిగావు.

తాన్యా అన్న పేరు రష్యా కథల్లోంచి మీ తాత పెట్టింది. సూర్యాపేట బస్టాండు దగ్గరికి రష్యా పుస్తకాల వ్యాను వచ్చిందంటే, మా ఊరు చివ్వెంల నుంచి నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని వచ్చేవాడు. ఆ నున్నటి కాగితాల వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఆయనకు రష్యా అంటే ఆ కథల్లోని మంచు, మంచి మనుషులు. ఆ ముసలమ్మ పెద్దలకు మాత్రం తరాల తరబడి యుద్ధాలు. వందేళ్ల కిందట రష్యా సైన్యం నువ్వుంటున్న ఆ ఎర్జురూమ్‌లోకే వస్తే, అదే మంచులో పిల్లలనెత్తుకుని పారిపోయినవాళ్లున్నారు.

నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. రజాకార్లు పోయి పాతికేళ్లయినా, పోస్ట్‌మన్ బూట్ల చప్పుడుకే పొయ్యిలో నీళ్లు చల్లేది. "పొగ సూసి వస్తరు బిడ్డా, సప్పుడు సెయ్యకు" అనేది. ఆ పూట సగం ఉడికిన అన్నమే తినేవాళ్లం.

పేరు మార్చుకోకు. ఆమె మీద కోపమూ పెట్టుకోకు. ఆమె చాయ్ కాచేటప్పుడు పక్కన కూర్చుని, నీకొచ్చిన ఆ నాలుగు టర్కీ మాటల్లోనే నాయనమ్మ పొయ్యి సంగతి చెప్పు. చిన్నప్పుడు తను ఏడిస్తే ఎవరొస్తున్నారని చెప్పి ఊరుకోబెట్టేవారో అడుగు. చెప్పిందంతా విను.

అప్పుడు నీ పేరు మళ్లీ చెప్పు.

మీ పెద్దనాన్న