వెళ్ళొస్తానన్న మాట

శారదా,

నేను కౌన్సిల్ నుంచి తప్పుకున్నప్పుడు బ్లాక్‌టౌన్‌లో పెట్టిన వీడ్కోలు సభ నీకు గుర్తుండే ఉంటుంది. గుమ్మం దాటేటప్పుడు "వెళ్తాను" అనకూడదన్న మన ఇళ్ళ అలవాటు ఈ దేశమొచ్చినా పోక, ఆఖర్న మైకులో "ఐ విల్ గో అండ్ కమ్" అనేశాను. మళ్ళీ పోటీ చేస్తాననుకుని అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వు మాత్రం ముందు వరసలో కొంగు అడ్డం పెట్టుకుని నవ్వావు.

ఇవాళ లైబ్రరీ పక్కన కమ్యూనిటీ హాలు తెరిచారు. నువ్వు ఎండలో ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగుచేసిన హాలే. "ఇదెప్పటికీ కట్టరు" అని నేను విసుక్కుంటే, "కౌన్సిలరు మీరా, నేనా?" అనేదానివి. రిబ్బను కత్తిరించింది, ఇప్పుడు నా స్థానంలో ఉన్న శ్రావ్య. ఆదివారాలు మన వరండాలో నీ దగ్గర తెలుగు నేర్చుకుంటూ, నువ్వేమడిగినా ఇంగ్లీషులోనే జవాబిచ్చిన పిల్ల. ప్రసంగం కూడా మొత్తం ఇంగ్లీషులోనే చేసింది. నీ కష్టమంతా వృథా అనుకున్నాను.

బయల్దేరేముందు నా దగ్గరికొచ్చి, "అంకుల్, ఇంకో మీటింగ్ ఉంది, ఐ హావ్ టు రన్. వెళ్తున్నా" అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"సారీ అంకుల్, ఆంటీ అలా అనొద్దనేవారు కదా. వెళ్ళొస్తా."

"వెళ్ళిరా తల్లీ" అన్నాను.

ఆస్పత్రికి కారెక్కుతూ నువ్వూ వెళ్ళొస్తాననే అన్నావు. అన్న మాట నిలబెట్టుకోలేదని ఈ రెండేళ్ళూ నీ మీద కోపంగానే ఉన్నాను. ఇవాళ ఆ పిల్ల నోట నీ మాట విన్నాక ఆ కోపం నిలవలేదు.

వచ్చావు కదా.